ముద్రకు ముందు మూలం: తిరుపతి నుంచి నెదర్లాండ్స్ వెళ్లిన ఒక పెళ్లి ఫైలు

తిరుపతిలో పెళ్లి రిజిస్ట్రేషన్లు, విదేశాలకు వెళ్లేవాళ్ల కాగితాల పనులు చూసే న్యాయవాదిని నేను. ఈ కేసు గురించి రాయడానికి ఆ దంపతులు ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మాత్రం వదిలేశాను.

అమ్మాయిది చంద్రగిరి వైపు. తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. అబ్బాయిది చిత్తూరు, ఉద్యోగం నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో. అమ్మాయి హిందువు, అబ్బాయి క్రైస్తవుడు. ఇద్దరికీ మతం మారే ఉద్దేశం లేదు. పెద్దవాళ్లు మొదట కొంత బాధపడినా చివరికి రెండు వైపులా ఒప్పుకున్నారు.

వాళ్లు నా దగ్గరికి వచ్చి అడిగిన మొదటి ప్రశ్న "అపోస్టిల్ ఎన్ని రోజుల్లో వస్తుంది సార్?" అని. మన సర్టిఫికెట్లను విదేశాల్లో చూపించడానికి వేయించుకునే ప్రభుత్వ ముద్ర అది. అప్పటికి పెళ్లే కాలేదు. ఒక ఏజెంటు వాళ్లకు మొత్తం దారి చెప్పేశాడు. ఏదైనా గుడిలో తాళి కట్టించి ఫోటోలు తీయాలి, అబ్బాయి మతం దగ్గర కూడా హిందువు అని రాయాలి, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించాలి. నోటీసు ఉండదు, నెల రోజులు ఆగే పని లేదు. ఆ సర్టిఫికెట్ మీద అపోస్టిల్ పడితే ఇక ఎవరూ ఏమీ అడగరని వాళ్లకు ధైర్యం చెప్పాడు.

ఈ సలహా ఎంత ప్రమాదమో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద పెళ్లి చెల్లాలంటే ఇద్దరూ హిందువులే అయి ఉండాలి. ఆ చట్టంలోని 8వ సెక్షన్ కింద సబ్ రిజిస్ట్రార్ చేసేది, అప్పటికే జరిగిన పెళ్లిని పుస్తకంలో ఎక్కించడం. చెల్లని పెళ్లిని ఆ నమోదు చెల్లేలా చేయదు. సరిగ్గా ఇలాంటి విషయమే మన రాష్ట్రం నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హిందూ అమ్మాయి, రోమన్ కాథలిక్ అబ్బాయి గుడిలో తాళి కట్టించుకుని 8వ సెక్షన్ కింద రిజిస్టర్ కూడా చేయించుకున్నారు. ఆ పెళ్లి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. చేతిలో సర్టిఫికెట్ ఉండి కూడా చట్టం దృష్టిలో పెళ్లి లేదు. దానికితోడు, మతం గురించి అబద్ధం రాసి సంతకం పెట్టిన కాగితాన్ని ఇంకో దేశపు ప్రభుత్వానికి ఇస్తున్నామన్నది మరో భయం.

మరి అపోస్టిల్ పడితే ఎవరూ అడగరనే నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ముద్ర ఏం చెబుతుందో తెలియకపోవడం వల్ల. 1961 అక్టోబర్ 5న హేగ్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇచ్చే ధ్రువీకరణ అది. మన దేశంలో 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. సర్టిఫికెట్ వెనక అంటించే ఆ స్టిక్కర్‌లో పది అంశాలుంటాయి: ఏ దేశపు కాగితం, ఎవరు సంతకం చేశారు, ఏ హోదాలో, ఎవరి ముద్ర ఉంది, ఎక్కడ, ఎప్పుడు ధ్రువీకరించారు, ఎవరు, ఏ నంబరుతో, చివర ముద్ర, సంతకం. అంతే. లోపల రాసిన విషయం నిజమని అందులో ఎక్కడా ఉండదు. ఉత్తరం మీద పోస్టాఫీసు ముద్ర లాంటిది అది. ఎక్కడ నుంచి వచ్చిందో చెబుతుంది గానీ లోపలి మాటకు పూచీ పడదు.

ఇదంతా విన్నాక అమ్మాయి నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే సరైన దారి చెప్పండి సార్, ఆలస్యమైనా పర్లేదు" అన్నారు.

దారులు రెండున్నాయి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా పెళ్లి చేసుకోవచ్చు. రెండోది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఇక్కడ మతంతో పని లేదు. అమ్మాయి వాళ్ల ఇంట్లో చర్చి పెళ్లికి ఇష్టపడలేదు, అబ్బాయి వాళ్లు గుడి పెళ్లికి ఒప్పుకోలేదు. ఎవరి మనసూ నొప్పించని దారి రెండోదే. నన్నడిగితే విదేశీ ఫైలుకు కూడా ఇదే శుభ్రమైనది. మ్యారేజ్ ఆఫీసర్ తన ఎదుట జరిగిన పెళ్లికి సర్టిఫికెట్ ఇస్తారు. 13వ సెక్షన్ ప్రకారం ఆ సర్టిఫికెట్టే పెళ్లికి తిరుగులేని సాక్ష్యం. ఎక్కడో జరిగినదాన్ని ఫోటోలతో రుజువు చేసుకునే అవసరం రాదు.

చిక్కంతా క్యాలెండర్‌తోనే. పెళ్లి చేసుకోబోతున్నామని ముందు మ్యారేజ్ ఆఫీసర్‌కు నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరైనా నోటీసు ఇచ్చే నాటికి అంతకుముందు కనీసం 30 రోజులు ఆ మ్యారేజ్ ఆఫీసర్ పరిధిలో నివసించి ఉండాలి. అమ్మాయి ఇక్కడే ఉంది కాబట్టి ఆ షరతు తీరింది. నోటీసును ఆఫీసులో అందరికీ కనపడేలా అంటించాక అభ్యంతరాలకు 30 రోజులు. ఇక 14వ సెక్షన్ ప్రకారం నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోపు పెళ్లి జరగాలి. జరగకపోతే ఆ నోటీసు పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అంటే చేతిలో ఉన్నది రెండు నెలల కిటికీ. అబ్బాయి క్రిస్మస్ సెలవుల్లో వచ్చినప్పుడు ఇద్దరూ వెళ్లి నోటీసు మీద సంతకాలు పెట్టారు. తిరిగి ఫిబ్రవరి చివర వచ్చేలా సెలవు పెట్టుకోమన్నాను. మూడు నెలల గడువు చివరి దాకా లాగితే ఏదైనా అడ్డం వచ్చినప్పుడు సర్దుకోవడానికి చోటుండదు. ఫిబ్రవరి చివర అయితే ఇంకో నెల చేతిలో ఉంటుంది.

జిల్లా విషయంలో చాలామంది తికమక పడతారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది. అంతకుముందు చంద్రగిరి, తిరుపతి, చిత్తూరు అన్నీ చిత్తూరు జిల్లానే. ఈ చట్టంలో జిల్లా అంటే కలెక్టరు జిల్లా కాదు, ఆ మ్యారేజ్ ఆఫీసర్‌ను ఏ ప్రాంతానికి నియమించారో ఆ ప్రాంతం. అందుకే మీ ఊరు ఏ జిల్లాలో ఉందని కాకుండా ఏ మ్యారేజ్ ఆఫీసర్ పరిధిలో ఉందని అడగాలి. అబ్బాయి శాశ్వత నివాసం చిత్తూరు కాబట్టి 6వ సెక్షన్ ప్రకారం నోటీసు నకలు ఒకటి అక్కడి మ్యారేజ్ ఆఫీసర్‌కు కూడా వెళ్తుంది, అక్కడా అంటిస్తారు. ఈ మాట ముందే రెండు కుటుంబాలకూ చెప్పాలి. చెప్పకపోతే చిత్తూరులో ఎవరో చూసి ఫోన్ చేసేదాకా వాళ్లకు తెలియదు, అప్పుడు అనవసరమైన టెన్షన్.

"మేము దాచిపెట్టి చేసే పెళ్లి కాదు గదా సార్, మరి బోర్డు మీద ఎక్కించేదెందుకు?" అన్నారు అమ్మాయి నాన్న. ఆయన బాధ నాకు అర్థమైంది. ఈ నోటీసు నిబంధన మీద చాలాకాలంగా చర్చ నడుస్తోంది. నోటీసు ప్రచురించడం జంట ఇష్టం మేరకే ఉండాలని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. ఇద్దరు పెద్దవాళ్లు కలిసి బతకాలనుకోవడానికి ఊరి అభిప్రాయం అడగడం నాకూ సబబుగా తోచదు. కానీ విదేశీ ఫైలు చేతిలో పెట్టుకుని ఇక్కడ ఆ వాదన మొదలుపెడితే నష్టపోయేది క్లయింటే. ప్రస్తుతానికి పద్ధతి పాటించమన్నాను.

ఆయనకు ఇంకో భయం కూడా ఉంది. ఈ చట్టం కింద పెళ్లయితే కూతురికి ఆస్తి పోతుందని ఎవరో చెప్పారట. 19వ సెక్షన్‌లో ఉన్నదేమిటంటే, ఉమ్మడి కుటుంబంలోని హిందువు ఈ చట్టం కింద పెళ్లి చేసుకుంటే ఆ కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. దాన్ని చదివినవాళ్లు పక్కనున్న 20వ సెక్షన్ చదవరు. వారసత్వ హక్కు పోకుండా అది కాపాడుతుంది. ఈ రెండూ ఆయనకు చదివి వినిపించాను.

అభ్యంతరం ఎవరైనా చెప్పవచ్చు గానీ దేని మీద పడితే దాని మీద చెప్పడానికి లేదు. 4వ సెక్షన్‌లోని షరతులే ఆధారం కావాలి. ఇద్దరిలో ఎవరికైనా బతికున్న భార్యో భర్తో ఉండకూడదు, మానసికంగా సమ్మతి చెప్పగల స్థితిలో ఉండాలి, అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి, నిషిద్ధ బంధుత్వం ఉండకూడదు. పెద్దలకు ఇష్టం లేదనో కులం కలవలేదనో అనడం చెల్లదు. మేనరికం పెళ్లిళ్లు మామూలైన మన ప్రాంతంలో ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ చట్టం తాలూకు నిషిద్ధ బంధుత్వాల పట్టికలో మేనమామ కూతురు, మేనత్త కూతురు కూడా ఉన్నారు. అలాంటి జంట ఈ చట్టం దారిలోకి వచ్చే ముందు లాయరుతో తప్పకుండా మాట్లాడాలి.

జనవరిలో ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. అబ్బాయికి నెదర్లాండ్స్‌లో ఇదివరకే పెళ్లయిందని అందులో రాశారు. ఇది 4వ సెక్షన్‌కు తగిలే ఆరోపణ కావడంతో ఇంట్లో అందరూ కంగారు పడ్డారు. అమ్మాయి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని వాళ్లమ్మ చెప్పింది. చట్టంలో ఉన్నది ఇదీ: అభ్యంతరం చెప్పిన మనిషి మాటను ఆఫీసర్ నోటీసు పుస్తకంలో రాయాలి, చదివి వినిపించాలి, ఆ మనిషి గానీ ఆయన తరఫువాళ్లు గానీ సంతకం పెట్టాలి. సంతకం పెట్టే మనిషే లేనప్పుడు అది చట్టం చెప్పే అభ్యంతరం కాదు. నిజంగా మనిషి వచ్చి సంతకం పెడితే ఆఫీసర్ 30 రోజుల్లో విచారించి తేల్చాలి. నిరాధారమని తేలితే అభ్యంతరం చెప్పినవారి మీద వెయ్యి రూపాయల వరకు ఖర్చులు వేయవచ్చు. ఆ విచారణ పేరుతో మూడు నెలల గడువు మాత్రం పెరగదు. జిల్లా కోర్టుకు అప్పీలు వెళితేనే లెక్క మారుతుంది. ఫిబ్రవరి చివరే పెట్టుకోమని పట్టుబట్టింది ఇందుకే.

చట్టం మనవైపు ఉన్నా ఆఫీసర్ మనసులో సందేహం మిగలకూడదు. అబ్బాయి అవివాహితుడని చెప్పే కాగితం మొదటి రోజే తెప్పించమన్నాను. నెదర్లాండ్స్‌లో ఉండే ప్రతి ఒక్కరి వివరాలూ అక్కడి మున్సిపాలిటీ జనాభా రిజిస్టర్‌లో ఉంటాయి. మున్సిపాలిటీని వాళ్లు ఖెమెయిన్టె అంటారు, రిజిస్టర్‌ను బీఆర్‌పీ అంటారు. వైవాహిక స్థితి కూడా అందులోనే ఉంటుంది. ఆ రిజిస్టర్ నకలు తీసుకుని అక్కడి జిల్లా కోర్టులో అపోస్టిల్ వేయించి అబ్బాయి పంపించాడు. నెదర్లాండ్స్‌లో అపోస్టిల్ ఇచ్చేది జిల్లా కోర్టులే. ఉత్తరం వచ్చేసరికే ఆ కాగితం ఫైల్లో ఉంది. ఆఫీసర్ చూసి, నోట్ చేసుకుని ముందుకు వెళ్లారు. కేవలం నోటరీ అఫిడవిట్ మీద ఆధారపడి ఉంటే అంత తేలిగ్గా తీరేది కాదని నా నమ్మకం.

నోటీసు గోడ మీద ఉన్న ఆ నెలను ఖాళీగా పోనివ్వకూడదు. మా పని సగం ఆ నెలలోనే జరిగింది. డచ్ మున్సిపాలిటీలో పేరు నమోదు చేసుకునేటప్పుడు పెళ్లి సర్టిఫికెట్‌తో పాటు పుట్టిన సర్టిఫికెట్ కూడా అపోస్టిల్‌తో అడుగుతారు. ఇది చాలామందికి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. అమ్మాయి దగ్గరున్న పుట్టిన సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు గడి ఖాళీ. ఆడ శిశువు అని, తండ్రి పేరు ఇంటిపేరు పొడి అక్షరంతో, అంతే. పైగా పాడైపోకూడదని వాళ్ల నాన్న దానికి లామినేషన్ చేయించారు. ఎంతో ప్రేమతో చేసిన పనే. కానీ లామినేషన్ చేసిన కాగితం మీద ముద్ర వేయలేరు, స్టిక్కర్ అంటించలేరు.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో 14వ సెక్షన్ పేరు లేని నమోదులో పేరు చేర్చడానికి, 15వ సెక్షన్ తప్పు దిద్దడానికి. టెన్త్ మెమో, తల్లిదండ్రుల ఆధార్, అఫిడవిట్ పెట్టి పేరు చేర్పించి కొత్త ప్రతి తీసుకున్నాం. తండ్రి ఇంటిపేరు కూడా పూర్తిగా రాయించాం. పేర్ల విషయంలో నేను ఎప్పుడూ పాస్‌పోర్టునే మూలంగా పెట్టుకుంటాను. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో చివర, పాన్‌లో పొడి అక్షరం. మన తెలుగువాళ్లలో నాలుగు కాగితాలూ ఒకేలా ఉన్నవాళ్లు అరుదు. అన్నీ సరిచేయబోతే ఏళ్లు పడతాయి. పాస్‌పోర్టులో ఏ అక్షరం ఎలా ఉందో పెళ్లి నోటీసులోనూ పుట్టిన సర్టిఫికెట్‌లోనూ అలాగే ఉంటే చాలు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చాలని ఏ చట్టమూ చెప్పదు. వీసా చేతికి వచ్చేదాకా దాని జోలికి వెళ్లొద్దని ప్రతి అమ్మాయికీ చెబుతాను.

అబ్బాయి అమ్మ ఒక కోరిక కోరింది. రిజిస్టర్ పెళ్లి తర్వాత చిత్తూరు చర్చిలో దీవెన ప్రార్థన పెట్టించాలని. పెట్టించండి అన్నాను, కానీ చర్చి వివాహ రిజిస్టర్‌లో మళ్లీ పెళ్లిగా రాయించవద్దని పాస్టరుగారికి ముందే చెప్పమన్నాను. ఒకే జంటకు రెండు తేదీలతో రెండు సర్టిఫికెట్లు ఉంటే ఏది అసలు పెళ్లి అనే ప్రశ్న విదేశీ అధికారి తప్పకుండా వేస్తాడు. ఇలాంటిదే ఇంకోటి కూడా చూస్తుంటాను. తిరుమలలో పెళ్లి చేసుకున్న జంటలు అక్కడిచ్చిన రసీదునే మ్యారేజ్ సర్టిఫికెట్ అనుకుని తీసుకొస్తారు. అది పెళ్లి జరిగిందనడానికి సాక్ష్యం. సర్టిఫికెట్ కావాలంటే వివాహ రిజిస్ట్రార్ దగ్గర విడిగా నమోదు చేయించాల్సిందే.

ఫిబ్రవరి చివర అబ్బాయి వచ్చాడు. ముగ్గురు సాక్షులు, ఇద్దరి డిక్లరేషన్లు. ఒకరినొకరు చట్టబద్ధంగా స్వీకరిస్తున్నామనే మాట ఆఫీసర్, సాక్షుల ఎదుట చెప్పాలి. తమకు అర్థమయ్యే భాషలో చెప్పవచ్చు. ఇద్దరూ తెలుగులోనే చెప్పారు. సంతకాలు పెట్టే ముందు నేను అడిగేది ఒక్కటే: ప్రింటు చేసిన ప్రతి అక్షరాన్నీ పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని చదవమని. సంతోషంలో ఎవరూ చదవరు. ఇక్కడ తప్పు పట్టుకుంటే అప్పటికప్పుడు పోతుంది, తర్వాత పట్టుకుంటే దిద్దుబాటుకు దరఖాస్తు, ఎదురుచూపు. ధ్రువీకరించిన నకళ్లు ఒకటికి మించి అప్పుడే తీసుకున్నాం.

ముద్రల దశ నిజానికి అన్నిటికంటే తేలిక. పెళ్లి, పుట్టుక వంటి వ్యక్తిగత పత్రాలను ముందు రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి. తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ ఇస్తుంది. ఆ శాఖ మనుషుల దగ్గర నేరుగా కాగితాలు తీసుకోదు, తాను నియమించిన ఏజెన్సీల ద్వారానే. 2019 నుంచి ఈ పని ఢిల్లీకే పరిమితం కాకుండా హైదరాబాద్, చెన్నై లాంటి నగరాల్లోనూ జరుగుతోంది. తిరుపతి వాళ్లకు చెన్నై దగ్గర. అపోస్టిల్ రుసుము పత్రానికి 50 రూపాయలు, ఏజెన్సీ సర్వీసు చార్జీ విడిగా. బయట ఏజెంట్లు వేలల్లో అడుగుతారు. తిరగడానికి తీరిక లేనివాళ్లు డబ్బిచ్చి చేయించుకోవడంలో తప్పు లేదు. కానీ ఏ దశకు ఎంతో రాసిమ్మని అడగండి, రాష్ట్రస్థాయి ధ్రువీకరణ ఎక్కడ చేయిస్తారో కూడా అడగండి.

దేశం పేరు చెప్పకుండా అపోస్టిల్ అడగడం ఇంకో పొరపాటు. నెదర్లాండ్స్‌కు మన అపోస్టిల్ చెల్లుతుంది. పక్కనే ఉన్న జర్మనీకి చెల్లదు. భారత్ ఆ ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది, అందువల్ల రెండు దేశాల మధ్య అది వర్తించదు. అక్కడి అధికారులకు అనుమానం ఉంటే పత్రాలను విడిగా తనిఖీ చేయిస్తారు. దుబాయ్ వెళ్లేవాళ్లకు మన విదేశాంగ శాఖ అటెస్టేషన్ తర్వాత యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర కావాలి. ఒకరి ఫైలు చూసి ఇంకొకరు చేయించుకుంటే డబ్బు, కాలం రెండూ పోతాయి.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. అబ్బాయి కంపెనీ అక్కడి ఇమిగ్రేషన్ శాఖ గుర్తింపు ఉన్న స్పాన్సర్ కావడంతో భార్య కోసం దరఖాస్తు కంపెనీయే వేసింది. నైపుణ్య ఉద్యోగి భార్య కాబట్టి డచ్ భాష, సమాజం మీద ముందుగా రాసే పరీక్ష అమ్మాయికి అవసరం లేదు. సర్టిఫికెట్లు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, అనువాదం అడగలేదు. అక్కడ మున్సిపాలిటీలో నమోదు రోజున ఒక్క ప్రశ్న వచ్చింది. పుట్టిన సర్టిఫికెట్‌లో తిరుపతి, చిత్తూరు జిల్లా అని ఉంది, పెళ్లి సర్టిఫికెట్‌లో తిరుపతి జిల్లా అని ఉంది. రెండూ ఒకటేనా అని. 2022లో జిల్లాలు విడదీసిన ప్రభుత్వ ఉత్తర్వు నకలును ముందే ఫైల్లో పెట్టి పంపాం. అమ్మాయి అది చూపించింది. పుట్టిన ఊరు తిరుపతి అని నమోదు చేసుకున్నారు.

అక్కడ ఆమెకు ఉద్యోగం చేసే హక్కు కూడా ఉంది. ఇప్పుడు డిగ్రీ, పీజీ పట్టాలు పంపమని అడిగింది. చదువు సర్టిఫికెట్లకు రాష్ట్రస్థాయి ధ్రువీకరణ విద్యాశాఖ వైపు నుంచి జరుగుతుంది, తర్వాత అదే అపోస్టిల్. పట్టాల మీద పేరు పాస్‌పోర్టులో లాగే ఉందో లేదో చూసి, వాటికి లామినేషన్ ఉంటే ముందే చెప్పమని వాళ్ల నాన్నకు ఫోన్ చేశాను. డిగ్రీ పట్టాకు ఉందట. ఈ వారం యూనివర్సిటీలో డూప్లికేట్‌కు దరఖాస్తు వేస్తున్నాం.